ఇంగ్లీషు కవి మా ఊళ్లో కురిపించిన వాన

ఒక ఇంగ్లీషు కవిని పట్టుకొచ్చి మా ఊళ్లో వాన కురిపించినవాణ్ణి నేను. ఈ మాట గుంతకల్లులో చాలామందికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ వాన కాస్త పెరిగింది. మొదట్లో వంక పారిందన్నాను. తర్వాత చెరువు నిండి మరవ పోయిందన్నాను. పదవీ విరమణ చేసిన నా మిత్రులు ఒకసారి శాలువా కప్పినప్పుడు, ఆ ఊపులో నల్లమాడ చుట్టుపక్కల ఊళ్లకు రెండు రోజులు బస్సులు తిరగలేదని కూడా అన్నట్టు గుర్తు.

ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కాబట్టి తగ్గించుకుంటాను. వంక పారలేదు. చెరువులో గొర్రెలు పడుకునే చోట దుమ్ము అణిగింది. చేలల్లో మట్టి నాలుగు వేళ్ల లోతున తడిసింది. అంతే వాన. ఆ పాటి వానే మా బావకు ఊళ్లో ఉన్న ఒక్క మర్యాదనూ ఊడ్చుకుపోయింది. ఈ చివరి మాటలో మాత్రం పెంచిందేమీ లేదు.

నేను గుంతకల్లులో ఒక కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం చెప్పేవాణ్ణి. పిల్లల్లో సగం మంది రైల్వే వాళ్ల బిడ్డలు. గార్డు కొడుకు, పాయింట్స్‌మన్ కూతురు, క్యాంటీన్ వాళ్ల పిల్లవాడు. సాహిత్యం మీద మోజుతో ఎవరూ చేరేవాళ్లు కాదు. ఇంగ్లీషు వస్తే రైల్వే పరీక్ష పాసవుతామని చేరేవాళ్లు. వాళ్లకు నేను ఆరు వందల ఏళ్ల కిందట చచ్చిపోయిన ఒక కవిని చెప్పాలి. ఆయన కావ్యమంతా నాకు నోటికి వచ్చని అందరికీ చెప్పుకున్నాను. నోటికి వచ్చింది మొదటి పేజీ. మిగతాది బజారులో దొరికే గైడులోంచి వచ్చింది. మొదటి పేజీ కళ్లు మూసుకుని చదివితే మిగతాది ఎవరూ అడగరని ఉద్యోగంలో చేరిన కొత్తలోనే కనిపెట్టాను.

ఆ మొదటి పేజీ వానతో మొదలవుతుంది. చలి పోయి చినుకులు పడతాయి, చెట్లు చిగురిస్తాయి, జనానికి యాత్ర పోవాలనిపిస్తుంది. ఒక ఏడు, కరువు మరీ ఎక్కువగా ఉన్న ఏడు, వెనక బెంచీలోంచి ఒక పిల్లవాడు లేచాడు. వాళ్ల నాయనకు రైల్వేలో గ్యాంగ్‌మన్ పని, ఊళ్లో కాస్త సేద్యం.

"సార్, వాన పడితే విత్తనానికి పోవాల గానీ యాత్రకు పోతారా యాడన్నా?"

నాకు జవాబు తెలియలేదు. తెలిసినవాడిలాగే, "అది ఇంగ్లండు, కూచో" అన్నాను.

తొంభైల చివర్లో కంప్యూటర్లు వచ్చాయి. మా గ్రూపులో చేరేవాళ్లు తగ్గుతూ తగ్గుతూ ఒక ఏడు ఎవరూ చేరలేదు. కాలేజీ యజమాని నన్ను పిలిచి మర్యాదగా కుర్చీ చూపించి అడిగాడు.

"సార్, మీ కవి చచ్చిపోయి ఎన్నేండ్లయింది?"

"ఆరు నూర్ల ఏండ్లు."

"అయితే ఇంగ ఎత్తేస్తాం లెండి" అన్నాడు.

నేను రిటైరైన నెలకే నా గదికి ఏసీ పెట్టించి కంప్యూటర్లు తెచ్చి దించారు. నేను పెట్టె సర్దుకుని నల్లమాడ పక్కన మా ఊరికి, అక్క ఇంటికి వెళ్లాను. వేసవికని వెళ్లి అక్కడే ఉండిపోయాను.

అక్క మొగుడే మా బావ. మెట్ట సేద్యం, వేరుశనగ, నాలుగు మేకలు. ఊళ్లో అలాంటివాళ్లు ఇంటికొకరు ఉంటారు. కానీ బావకు ఒక పీట ఉండేది.

మా వైపు వాన వెనకపట్టినప్పుడు చావిట్లో పురాణం చదివిస్తారు. పీట వేసి దాని మీద చదివే మనిషిని కూర్చోబెడతారు. పొద్దు వాలగానే ఆయన పద్యం రాగం తీసి చదవాలి, మామూలు మాటల్లో అర్థం చెప్పాలి. పీట వేసి ఒకసారి మొదలుపెట్టాక, గ్రంథం ముగిసేదాకా ఏ సాయంత్రమూ ఆ పీట ఖాళీగా ఉండకూడదు. ఉంటే మన మీదికి వచ్చే మబ్బు పక్క ఊరికి మళ్లుతుందంటారు. మా ఊళ్లో ఆ పీట బావది. అంతకు ముందు వాళ్ల నాయనది. మామూలు రోజుల్లో బావను "ఒరే" అని కేకేసే పెద్దరైతు కూడా ఆ సాయంత్రాలు కింద చాప మీద కూర్చుని "స్వామీ" అనేవాడు. చావిడి దాటి ఇవతలికి వస్తే బావ మళ్లీ "ఒరే"నే. ఆ కొన్ని సాయంత్రాల కోసమే ఆయన ఏడాది పొడుగునా బతికేవాడని నా అనుమానం.

నేను వచ్చిన మరుసటి ఏడు జూన్ పోయింది, జూలై సగం పోయింది, మబ్బు లేదు. పెద్దరైతు చావిట్లో అందరి ముందూ చెప్పేశాడు.

"ఇదే కడాతూరి. ఈ తూరి గూడా పడకపోతే ఇంగ పీట వేసేది లేదు. వరసగా మూడు తూర్లు చదివిస్తిమి, ఏమొచ్చె? ఆడోళ్లు టీవీ కాడ ఉండారు, మగోళ్లు బెంగుళూర్లో ఉండారు. ఎవురికి చదివేది?"

బావ తల వంచుకుని విన్నాడు. ఇంటికొచ్చి నాతో ఒక్క మాటన్నాడు. "గొంతు పగిలినా సరే బామ్మర్దీ, ఈ తూరి తెప్పిస్తా."

నిజంగానే గొంతు పగిలింది. జ్వరంతో కూర్చుని, గాలికి లేచే దుమ్ము మింగుతూ, లేని మబ్బును అందుకోవాలన్నట్టు పైస్థాయిలో చదివాడు. గ్రంథం సగానికి రాకముందే ఒక పొద్దున నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. అక్క మిరియాల కషాయం పోసింది, మెడకు గుడ్డ చుట్టింది. సాయంత్రం కావస్తోంది. బావ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఈ పూటకు నువ్వు కూచో."

"నాకు పద్యం రాదు బావా."

"ముప్పై ఏండ్లు సదువు చెప్పి జీతం తీసుకుంటివి గదప్పా."

"అది ఇంగ్లీషు."

"ఏదో ఒగటి. పీట కాళీగా ఉండకూడదు."

అక్క మధ్యలోకి వచ్చింది. "పోరా. నువ్వు చెప్తే వాన పడకపోయినా ఊరోళ్లకు నిద్రన్నా పడతాది."

వెళ్లాను. పీటెక్కి మొదటి పద్యం ఎత్తుకున్నాను. శ్రుతి ఒకచోట, నేనొకచోట. ముందు వరుసలో మేకలు కాచే అవ్వ ఒకామె ఉండేది. వయసు చెప్పడం కష్టం, నోట్లో ఎప్పుడూ వక్కాకు. ఆమె చెయ్యెత్తి నన్ను ఆపింది.

"ఏమప్పా సారూ, మేకపిల్లకు గొంతులో ముల్లు అడ్డం పడినట్ల ఉండాది. పద్యం మూసిపెట్టి, నీకు తెలిసిన కతేదో చెప్పు."

నాకు తెలిసిన కథ ఒకటే. ఆ ఇంగ్లీషు కవి.

చెప్పాను. ఆయనకు పొలం ఉండేదన్నాను. బోరు ఎండిపోయిందన్నాను. నిజానికి ఆయనకు సేద్యం లేదు, వ్యాపారి కొడుకు. రాజు కొలువులో చిన్నా పెద్దా పనులు చేస్తూ, రేవులో ఉన్ని మూటలకు సుంకం చూసుకుంటూ బతికాడు. అది చెప్తే చావిట్లో ఎవరు వింటారని నేనే ఆయనకు పొలం రాసిచ్చాను. ఆరు వందల ఏళ్ల కిందట బోరెక్కడిదని ఎవరూ అడగలేదు. బోరు ఎండిందంటే మా ఊళ్లో వెంటనే నమ్ముతారు.

ఆయన చిన్నతనంలో వాళ్ల దేశానికి పెద్ద మహమ్మారి వచ్చి ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయిన సంగతి చెప్పాను. ఇందులో పెంచాల్సిన పని పడలేదు. అవ్వ దవడ ఆడించడం ఆపింది.

"ప్లేగా? మా యమ్మ చెప్తాండె. ఎలకలు రాలినాయంటే సాలు, ఊరు ఇడిసిపెట్టి సేన్లల్లో గుడిసెలేసుకునేటోళ్లంట. తిరిగొచ్చినోళ్లు సగమంట." వక్కాకు ఉమ్మి వచ్చి, "వాళ్లకూ అదేనా, పాపం" అంది.

వాళ్ల కొలువులో పెద్దవాళ్లది ఒక భాష, గుడిలో ఇంకో భాష అనీ, ఆ రెండూ కాకుండా ఈయన సంతలో జనం మాట్లాడే మాటల్లో కావ్యం రాశాడనీ చెప్పాను. మేకల వ్యాపారం మీద రాయదుర్గం దిక్కు తిరిగే మనిషి ఒకడు అందుకున్నాడు.

"మన గుమ్మఘట్ట కాడ తెలుగూ కన్నడా కలగలిపి మాట్లాడతారే, అట్లనా అన్నా?"

"ఇంచుమించు అట్లే."

"అట్ల రాస్తే నవ్వుతారు గద."

"నవ్వాలనే రాసినాడు. సన్నాసుల మీద, షావుకార్ల మీద, మిల్లు ఆడించేవాడి మీద, ఎవుర్నీ ఇడ్సిపెట్టల్యా."

చావిట్లో చాలా రోజుల తర్వాత నవ్వులు వినపడ్డాయి. ఆయన కావ్యంలో అన్ని రకాల జనమూ గుంపు కట్టి యాత్ర పోతారనీ, దారి పొడుగునా వంతులవారీగా కథలు చెప్పుకుంటారనీ అంటే, అందులో వాళ్లకు వింతేమీ కనిపించలేదు. కదిరి తిరునాళ్లకు నడిచిపోయేటప్పుడు వాళ్లూ అదే చేస్తారు. పైగా అవ్వ, "ఆడోళ్లుండారా ఆ గుంపులో?" అని అడిగి, ఉన్నారని, అందులో ఒకామెకు చాలా పెళ్లిళ్లయ్యాయని తెలిసి, ఆమె గురించి మళ్లీ మళ్లీ చెప్పించుకుంది. గుంతకల్లులో ముప్పై ఏళ్లలో నాకు అలాంటి తరగతి దొరకలేదు. బావ వెనక గోడకు ఆనుకుని మెడకు గుడ్డతో వింటున్నాడు. ఆయన నవ్వడం లేదు.

అప్పుడు పెద్దరైతు అడిగాడు. "కడాకు ఏమాయె సార్? యాత్ర పొయ్యినోళ్లు తిరిగొచ్చినారా?"

అసలు సంగతి ఏమిటంటే, రాలేదు. కవి మధ్యలో చచ్చిపోయాడు. అనుకున్న కథల్లో చాలావాటిని ఆయన రాయనే లేదు. ఆ గుంపు ఇప్పటికీ దారిలోనే ఉంది. ఇది చెప్పడానికి నోరు తెరిచి బావ వైపు చూశాను. ఆయన తల అడ్డంగా ఊపుతున్నాడు. వాన పీట మీద ముగింపు లేని కథ చెప్పకూడదు. కాబట్టి నేనే ముగించాను. పండితులు ఇన్ని తరాలు తలలు పట్టుకున్న పనిని తెల్లకాగితమైనా లేకుండా తేల్చేశాను. అందరూ దేవుణ్ణి చూసుకుని మళ్లారు, దారిలో కుండపోత పట్టుకుంది, కవి తడిసి ముద్దై ఇల్లు చేరి ఎద్దులకు కాడి కట్టాడు. శుభం.

తెల్లవారుజామున వాన పడింది.

ఎంత పడిందో ముందే చెప్పాను. అయినా ఊరు ఊరంతా విత్తే గొర్రు బయటికి తీసింది. విత్తనం వేయడానికి నేలలో చాలినంత తడి ఉంటే మా వైపు పదును అంటారు. మా బావ పొద్దున్నే చేలోకి పోయి మట్టి తవ్వి, పిడికిట్లో పట్టి ఉండ చేసి చూశాడు. ఉండ విడిపోయింది. తిరిగొచ్చి వీధిలో ఎదురైనవాళ్లందరికీ ఆ గాలిగొంతుతోనే చెప్పాడు.

"పదును సాల్దు. ఇంగో వాన పడనీండి. ఇప్పుడు విత్తొద్దు."

ఎవరూ ఆగలేదు. పెద్దరైతు కొడుకు ఎద్దులు తోలుకుంటూ నవ్వాడు. "నువ్వు అన్ని దినాలు చదివితే మబ్బుతునక రాల్యా. సారు ఒగ పూట చెప్తే వాన దిగె. ఇంగ పదును సంగతి నువ్వు చెప్తావా మామా?"

కొందరు నా దగ్గరికి వచ్చారు. "విత్తొచ్చా సార్?" అని అడిగారు. నాకు వేరుశనగ గురించి తెలిసింది వేయించుకు తినడం. మా బావ చెప్పినట్టు వినమన్నాను. "సారు ఎంత నెమ్మదస్తుడో చూడు, బావను తక్కువ చేయడు" అని మెచ్చుకుని, పోయి విత్తుకున్నారు.

ఆ సాయంత్రం బావ గుడ్డ కట్టుకుని గ్రంథం పట్టుకుని చావిడికి పోయాడు. వెంట నేనూ వెళ్లాను. ఎవరూ రాలేదు. అందరూ చేలల్లో ఉన్నారు. దారిన పోయే ఒకాయన తొంగి చూసి, "వాన వచ్చె గదప్పా, ఇంగ పురాణమెందుకు?" అని పోయాడు. బావ చీకటి పడేదాకా పీట మీద ఊరికే కూర్చుని లేచాడు. మర్నాడు పోతే పీట అక్కడ లేదు. ఎవరో తీసి మూలన నిలబెట్టారు.

బావ చేను ఒక్కటే ఎర్రగా, ఖాళీగా ఉండిపోయింది. నాలుగు దిక్కులా మొలకలు లేచాయి. అక్క దెప్పింది. "ఊరంతా ఒక దోవ, నీదొక దోవ. పీట పాయె, సేద్యమూ పాయెనా?" ఆయన విత్తనపు మూటను అటక మీదికి ఎక్కించాడు.

ఆ తర్వాత వాన లేదు. ఆగస్టు ఎండకు మొలకలు వాడి, పసుపుపచ్చబడి, చేత్తో పట్టుకుంటే పొడై రాలాయి. ఇంట్లో ఉన్న విత్తనం మట్టిలో కలిసింది. మళ్లీ పదునయ్యే వాన పడేటప్పటికి విత్తడానికి ఎవరి దగ్గరా కాయ లేదు, అదునూ దాటింది. బావ దగ్గర కాయ ఉంది. ఆయన విత్తాడు. ఆలస్యమైన పంట కాబట్టి మేకలు మేయడానికి మాత్రం పనికొచ్చింది.

ఇక్కడ నేను ఒక మాట రాయాలనుకున్నాను. ఊరివాళ్లు వచ్చి బావ ముందు తల దించుకున్నారని. అలా రాస్తే చదివేవాళ్లకు బాగుంటుంది, నాకూ బాగుంటుంది. జరగలేదు. చావిట్లో కూర్చుని వాళ్లు తేల్చింది వేరు. పురాణం సగంలో ఆపినందువల్లే వాన నిలవలేదు. ఆపింది ఎవరు? బావ. పవిత్రమైన పీట మీద పరదేశపు కథ పెట్టించింది ఎవరు? బావ. తానొక్కడే విత్తకుండా ఊరి పంట ఎండాలని చూసింది ఎవరు?

నేను అడ్డం పోయాను. కథ చెప్పింది నేను కదా అన్నాను. పెద్దరైతు నా భుజం తట్టాడు. "మీకేం తెలుసు సార్, పాపం. మీరు సదువుకున్నోళ్లు. కూచోమంటే కూచున్యారు. అన్నీ తెలిసినోడు వాడు."

ఊళ్లో నాకు తర్వాత కూడా టీ ఇచ్చి కుర్చీ వేసేవాళ్లు. బావను ఎవరూ పిలవలేదు. ఆయన గొంతు దీపావళికి తిరిగి వచ్చింది, మునుపటికంటే కాస్త బొంగురుగా. దానితో చేయడానికి పనేమీ లేదు. మేకల్ని అదిలించేవాడు.

రెండు మూడేళ్లు అలా గడిచాయి. వానలు రాలేదు, పీట వేయలేదు. అప్పుడు మేఘాల్లో మందు చల్లే విమానం వస్తుందన్నారు. మబ్బు కనిపిస్తే అందులో ఉప్పో ఏదో చల్లి వాన తెప్పిస్తారట. పేపర్లో వేశారు, రేడియోలో చెప్పారు. జనం పొద్దున లేస్తే దేవుడి కోసం కాదు, ఆ విమానం కోసం పైకి చూసేవాళ్లు. అది వచ్చినరోజు మబ్బు లేదు, మబ్బున్న రోజు అది రాలేదు.

ఆ ఏడే బావా అక్కా బెంగుళూరు పోవడానికి నిశ్చయించుకున్నారు. అక్కడ కట్టే ఇళ్ల దగ్గర వాచ్‌మన్ పని దొరుకుతుంది, గేటు పక్కనే గది ఇస్తారు. మేకల్ని అమ్మేశారు. పోయే ముందు బావ నన్ను పిలిచాడు.

"రా బామ్మర్దీ, చావిడి కాడికి పోదాం. అర్థం చెప్పేదానికి ఒగ మనిషి కావాల."

"ఎందుకు బావా?"

"మిగిలింది చదవాల. సగంలో ఇడ్సి పోలేను."

పీట మీద కూర్చుంటాడనుకున్నాను. దాని వైపు చూడనైనా చూడలేదు. నేల మీద దుమ్ము చేత్తో తుడుచుకుని కూర్చుని, ఆ ఏడు ఆగిన పద్యం దగ్గరే తెరిచాడు. రోజూ సాయంత్రం చదివాడు. ముందు అవ్వ వచ్చింది, తర్వాత ఇంకో ఇద్దరు ముసలివాళ్లు. వాళ్లకు చాప పరిచాను. పద్యం ఆయనది, అర్థం నాది. చాలాచోట్ల అర్థం నాకు తెలియదు. కల్పించాను. బావ ఓర చూపు చూసి తర్వాతి పద్యం ఎత్తుకున్నాడు.

ముగింపు రోజు ఆకాశంలో చప్పుడైంది. విమానం. వింటున్న ముగ్గురూ లేచి బయటికి పోయారు. అవ్వ కూడా కర్ర పట్టుకుని గుమ్మం దాటింది. బయట పిల్లల కేకలు, ఎవరో మబ్బు ఉంది మబ్బు ఉంది అంటున్నారు. బావ ఆగలేదు. గొంతు పెంచనూ లేదు. నాకొక్కడికే వినపడేంతగా చివరి పద్యం దాకా చదివాడు, ఫలశ్రుతి చదివాడు, ఎవరూ లేని చావిట్లో ఊరికి మంచి జరగాలని దీవించాడు. అర్థం చెప్పమన్నట్టు నా వైపు చూశాడు. చెప్పాను. ఆ ఒక్కదానికి నేనేమీ కలపలేదు.

బయట వాన పడలేదు. మొదటి ప్రతిలో పడిందని రాసి కొట్టేశాను.

బావ గ్రంథాన్ని గుడ్డలో చుడుతూ అడిగాడు. "మీవోడు చచ్చిపోయినంక ఆ కత ఎవురూ ముగించల్యా?"

ఆయనకు ఆ సంగతి ఎలా తెలిసిందని అడగలేదు. ఆ రోజు చావిట్లో నేను నోరు తెరిచి ఆగినప్పుడే గ్రహించి ఉంటాడు.

"ఒకరిద్దరు పైన కలిపి రాసినారు బావా. చదివేవాళ్లు వాటిని పక్కన పెట్టినారు. ఆయన రాసినంతే చాలన్నారు. సగమైనా ఇన్ని వందల ఏండ్లు నిలిచింది."

"ఇప్పుడు గూడా చదువుతాండారా?"

"చదువుతుంటారు, యాడో ఒకచోట. మా కాలేజీలో తీసేసినారు."

బావ గుడ్డకు ముడి వేశాడు. "సగంలో ఇడ్సి పొయ్యినా వానికి జరిగింది. ఈడ మనకు జరగదు" అన్నాడు. తర్వాత మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచి, "లెయ్. రేపు ఈడ గొడ్లకు గవర్మెంటు గడ్డి దించుతారంట. చాప తీసి పక్కన పెడదాం" అన్నాడు.